రెండు పుట్టుమచ్చల పెళ్ళికొడుకు

"ఈ ఫోటోలో వాడెవడో కనుక్కుందామని వచ్చానండీ."

కౌంటరు అద్దం మీద పోస్టుకార్డు సైజు ఫోటో టపీమని పడింది. మహేశ్వరి కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. మూఢం వెళ్ళిపోయి, మాచర్ల చుట్టుపక్కల పెళ్ళీడు వచ్చిన ప్రతివాడికీ ఫోటో అవసరం పడిన వారం అది. పొద్దుట్నించీ పదిహేడు మొహాలు దిద్దింది. మొటిమలు తీసింది, బట్టతల మీద జుట్టు మొలిపించింది, ఒకాయనకైతే గడ్డం కింద వేలాడే రెండో గడ్డం కోసేసింది. ఇప్పుడు పద్దెనిమిదోవాడి మెడ సన్నం చేస్తోంది.

"ఎవరైతే ఏంటండీ, ఎన్ని కాపీలో చెప్పండి."

"కాపీలు వద్దు. ఒరిజినల్ కావాలి."

ఆ గొంతులోని వెటకారానికి మౌస్ మీద చేయి ఆగింది. వెటకారమంటే మహేశ్వరికి అస్సలు పడదు, తను చేస్తే తప్ప. తలెత్తి చూసింది. ఎదురుగా పొడుగాటి మనిషి. తలకీ మొహానికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. మే నెల ఎండకి పల్నాడులో సగంమంది అలాగే తిరుగుతారు కాబట్టి ఆమెకేమీ వింతగా అనిపించలేదు. ఫోటో చేతిలోకి తీసుకుంది. నీలం చొక్కా, నిటారుగా కూర్చోవడం, కోరమీసం. ఎవరు చూసినా ఇంకోసారి చూసే మొహం. తన చేతిపని తనకి తెలియకపోవడమేమిటి?

"ఇది మీరే గదా? పోయిన వారం తీయించుకున్నారు."

"నేనా? సరిగ్గా చూసి చెప్పండి."

తువ్వాలు విప్పాడు.

మొహం కుడి సగం ఫోటోలో ఉన్నదే. చక్కని కన్ను, ఎత్తుగా నిలబడిన చెంప, దాని మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ. ఎడమ సగం మాత్రం ఒక పక్క రింగులు ఊడిన స్టూడియో కర్టెన్‌లా కిందికి జారి ఉంది. కనుబొమ కంటి మీదికి వాలింది. చెంప దిగిపోయి, పెదవి మూలని కూడా వెంట లాక్కుపోయింది. ఎడమ నించి చూస్తే లోకం మీద విసుగు పుట్టిన మనిషి. కుడి నించి చూస్తే పోట్లాటకొచ్చిన మనిషి. పోట్లాటకి వచ్చిన మాట నిజమే కూడాను.

కోటిబాబు డిజిటల్స్‌లో ఫోటో తీసేది నాన్న, దిద్దేది కూతురు. కెమెరా ముందు కూర్చున్న మనిషిని మహేశ్వరి చూడదు. తెర మీదికి వచ్చిన బొమ్మనే చూస్తుంది.

"నా పేరు అంకమ్మరావు. నిన్న నడికుడి నించి పిల్ల తరపువాళ్ళు ఇల్లు చూసుకుందామని వచ్చారు. పదకొండు మంది. నేనే ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చా. కాఫీలు తాగారు, జంతికలు తిన్నారు. అంతా అయినాక వాళ్ళ పెద్దాయన నన్ను దగ్గిరికి పిలిచి, 'అబ్బాయా, మీ అన్నని ఒకసారి పిలువు, చూసి పోతాం' అన్నాడు."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నాకు అన్న లేడండీ."

నవ్వకూడదని మహేశ్వరికి తెలుసు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, పళ్ళు బిగించింది. ముక్కులోంచి వచ్చేసింది నవ్వు.

"నవ్వండి, నవ్వండి. వాళ్ళతో వచ్చిన ముసలమ్మయితే ఆ ఫోటో పట్టుకుని నా చుట్టూ ప్రదక్షిణం చేసింది. 'మచ్చలు రెండుండాలే, ఒకటే ఉందేందీ' అని మొహమంతా వెతికింది."

మహేశ్వరి ఫోటో వంక చూసింది. కుడి చెంప మీద మచ్చ. ఎడమ చెంప మీదా మచ్చ. దేవుడా! బాగున్న సగాన్ని కాపీ చేసి, తిప్పి, రెండో సగం మీద అతికించింది. నాలుగు నిమిషాల పని. మచ్చ చెరపడం మర్చిపోయింది. ఆరేళ్ళుగా చేస్తున్న పనిలో ఇంత పచ్చి తప్పు ఎప్పుడూ చేయలేదు. నవ్వు పోయి, చెవులు వేడెక్కాయి. తప్పు తనదని తెలిసినప్పుడే మహేశ్వరికి కోపం ఎక్కువ వస్తుంది.

"మీ అమ్మగారే గదా కొంచెం బాగా చేయమంది! చేశా."

"చానా బాగా చేశారు. వాడి కోసం ముగ్గురు పిల్లల ఫోటోలు వచ్చినయి మా ఇంటికి. వాడే లేడు."

"తువ్వాలు కప్పుకుని తిరిగేది మీరు. అదే పని నేను చేస్తే తప్పొచ్చిందా?"

అనేశాక నాలుక కరుచుకుంది. అంకమ్మరావు మెల్లగా తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ ఫోటో మీరే ఉంచుకోండి. మీవాడే గదా," అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మహేశ్వరికి అన్నం సయించలేదు. కోటిబాబు కూతురి కంచం వంక చూసి, "ఆ అబ్బాయి మొహం నేను చూశా గదమ్మా. నీకు ఒక ముక్క చెప్పుంటే సరిపోయేది," అన్నాడు.

"వాళ్ళమ్మ నీకు తెలుసా నాన్నా?"

"రాళ్ళ యార్డు ముందు టీ కొట్టు పోలమ్మ. నన్ను నోరారా అన్నయ్యా అని పిలుస్తది."

మర్నాడే వెళ్ళింది. నాపరాళ్ళ యార్డు అంతా బూడిద రంగు దుమ్ము, రాళ్ళు కోసే రంపాల రొద. పోలమ్మ ఆమెని చూడగానే తిడుతుందేమో అనుకుంటే, బల్ల తుడిచి కూర్చోమంది.

"పిన్నీ, తప్పు నాదే..."

"పిన్నేందే? మీ నాయన నాకు అన్నయ్యయితే నేను నీకు అత్తనవుతా గానీ."

"అలవాటు లేదు పిన్నీ."

"తప్పు నీది కాదులే పిల్లా. చెప్పుకోలేక నేనే కొంచెం బాగా చేయమన్నా." పోలమ్మ టీ గ్లాసు అందించి, యార్డు వైపు చూసింది. "రెండున్నరేళ్ళయింది. లోడు ఎత్తుతుంటే గొలుసు తెగింది. రాతి పెచ్చు వచ్చి చెవి ముందు తగిలింది. లోపల నరం తెగిందంట. వాడికి మొహం బాధ లేదమ్మాయ్. లారీ బాధ. మాచర్ల నించి సాగర్ దాకా ఆ రోడ్డు మీద ప్రతి గుంటా వాడికి తెలుసు. ఇప్పుడు కనుబొమ కంటి మీద పడి పైన ఏమొస్తందో కనపడదు. డాక్టరు ఫిట్‌నెస్ కాయితం మీద సంతకం పెట్టనన్నాడు. ఓనరు స్టీరింగ్ ఇవ్వనన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి లోడ్లు రాయిస్తన్నారు. పెళ్ళి నా దిగులు. వాడి దిగులల్లా స్టీరింగే."

ఆ టీ మహేశ్వరికి చేదుగా ఉంది. నాలుగు నిమిషాల్లో ఎత్తేసిన కనుబొమ ఆమెకి నిద్రలో కూడా గుర్తొచ్చింది.

ఆ వారమే పెళ్ళి ఆల్బమ్‌ల ప్రింటింగ్‌కి గుంటూరు వెళ్ళింది. ప్రెస్ ఉన్న సందులోనే ఒక క్లినిక్ బోర్డు. చికిత్సకి ముందు, చికిత్స తర్వాత అని జంట ఫోటోలు. ఇన్నేళ్ళుగా దాని ముందు నించి పోతూ 'ఎవడో బాగానే కొట్టాడు ఎడిటింగ్' అనుకునేది. ఈసారి ఆగింది. అతుకు ఎక్కడుందో పట్టేద్దామని పది నిమిషాలు బోర్డుకి ముక్కు ఆనించి చూసింది. దొరకలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి రిసెప్షన్‌లో అడిగింది.

"మీ బోర్డు మీద ఫోటోలకి ఎడిటింగ్ ఎవరు చేశారండీ?"

వెనక గదిలోంచి నవ్వు వినిపించింది. తెల్లకోటు వేసుకున్న డాక్టర్ మెహ్జబీన్ బయటికి వచ్చింది. "నేనే. కత్తితో. లోపలికి రా."

మహేశ్వరి ఫోన్‌లో రెండు ఫోటోలూ చూపించింది. దిద్దకముందుది, దిద్దిన తర్వాతది. డాక్టరు రెండో దాన్ని పెద్దది చేసి చూసి, "రెండు మచ్చలా!" అంది.

"తప్పయింది మేడం."

"మచ్చ సంగతి కాదమ్మా. కుడి సగాన్ని తెచ్చి ఎడమన పెట్టావు. అలా రెండు సగాలూ అచ్చం ఒక్కలా ఉండే మనిషి భూమ్మీద లేడు. నీ చెవులే చూసుకో, కమ్మలు ఒక ఎత్తులో ఉన్నాయా?"

మహేశ్వరి అసంకల్పితంగా కమ్మలు తడుముకుంది. లేవు.

"ఇతనికి నేను చేయగలిగింది చెబుతా విను. కనుబొమ పైన కాస్త చర్మం తీసి, కనుబొమని పైకెత్తి గట్టిగా కుట్టి నిలబెడతా. జారిన చెంపని కణత వైపు ఎత్తి కడతా. కంటి మీద బరువు పోతుంది. కింది రెప్పకి ఆసరా దొరికి కంట్లో నీళ్ళు కారడం తగ్గుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు రెండు పక్కలూ దాదాపు ఒక మట్టానికి వస్తాయి. దాదాపు అన్నా, గుర్తుపెట్టుకో."

"నవ్వితే?"

"నవ్వు నరం పని. ఈ ఆపరేషన్ ఎత్తి నిలబెడుతుంది గానీ కదిలించదు. నవ్వు ఆ పక్కకి రాదు. దానికి వేరే ఆపరేషన్లున్నాయి, పెద్దవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎత్తింది కూడా కాస్త జారుతుంది. ముందు మనిషిని తీసుకురా. ఫోటో చూసి నేను మాట ఇవ్వను."

తీసుకురావడం అంత తేలికా? ఆ మనిషి ఆమెని చూస్తే మొహం తిప్పుకుంటాడు, అదీ మంచి పక్కకి.

జూన్‌లో ఒక సాయంత్రం, మబ్బులు కమ్ముకొస్తుంటే, మహేశ్వరి మళ్ళీ యార్డుకి పోయింది. లారీలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. చివరి లారీ క్యాబిన్‌లో ఎవరో కనిపించారు. దగ్గరికి వెళ్ళి చూసింది.

అంకమ్మరావు స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజన్ ఆపే ఉంది. తువ్వాలు సీటు మీద పడేసి, ఎడమ కనుబొమని గాయాలకేసే తెల్ల ప్లాస్టర్‌తో పైకి లాగి నుదుటికి అంటించుకున్నాడు. చేతులు స్టీరింగ్ మీద పెట్టి, అద్దంలోంచి యార్డు గోడ వైపు, సాగర్ రోడ్డే అక్కడుందన్నట్టు చూస్తున్నాడు.

అప్పుడే టపటపా చినుకులు మొదలయ్యాయి. మహేశ్వరి అడిగే ఓపిక లేక, అవతలి పక్క తలుపు లాగి ఎక్కేసింది.

అతను ఉలిక్కిపడి ప్లాస్టర్ పీకేయబోయాడు. "ఉండనీయండి," అంది. "మీరూ నాలాంటోరే. నేను మౌస్‌తో ఎత్తా, మీరు ప్లాస్టర్‌తో ఎత్తారు."

"ఇంకా వెక్కిరించటం అయిపోలేదా మేడం?"

"వెక్కిరించటానికి వానలో తడుస్తూ రావాల్నా? సారీ చెప్పటానికి వచ్చా. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

వాన అద్దాల మీద దంచి కొడుతోంది. అతను ఆమె పక్క తలుపుని గడ్డంతో చూపించాడు. "ఆ పక్క తలుపు సరిగ్గా పడదు. గట్టిగా లాక్కోండి, తడుస్తారు."

క్షమించానని చెప్పడానికి కొందరికి అంతకన్నా మాటలు రావు. మహేశ్వరి తలుపు లాక్కుని, డాక్టర్ మెహ్జబీన్ చెప్పిందంతా ఏకరువు పెట్టింది.

"మగోడికి అందం ఆపరేషనేందండీ! ఊరు నవ్వుద్ది."

"ఇప్పుడు ఊరు ఏడుస్తందా?"

"ఆపరేషన్ అయితే ఆ ఫోటోలోవాడిలా అయిపోతానా?"

"కారు. వాడు నా కంప్యూటర్లో పుట్టాడు, దాంట్లోనే ఉంటాడు."

"నవ్వు వచ్చుద్దా?"

"ఆ పక్క రాదు."

"మరి దేనికండీ ఆ కోతలు?"

"రోడ్డు కనపడుద్ది."

అంకమ్మరావు అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచాడు.

"కనుబొమ ఎత్తితే రోడ్డు కనపడుద్ది. చెంప ఎత్తితే కన్ను నీళ్ళు కారటం తగ్గుద్ది. డాక్టర్ కాయితం మీద సంతకం పెడతాడు. అందం సంగతి ఊరికి వదిలేయండి. మీకు స్టీరింగ్ కావాల్నా వద్దా?"

తడికి ప్లాస్టర్ జిగురు వదిలి మెల్లగా ఊడింది. కనుబొమ మళ్ళీ కంటి మీద వాలింది. మహేశ్వరి ఏమీ ఆలోచించకుండా చేయి చాపి వేలితో దాన్ని పైకి ఎత్తి పట్టుకుంది. ఆ కన్ను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గోధుమరంగు. కుడి కన్ను కంటే ఓ పిసరు లేత.

"ఏం చేస్తన్నారు?" అన్నాడు, కదలకుండా.

"చూస్తన్నా," అని, ఆ మాట తనకే వినబడి, గబుక్కున చేయి తీసేసింది. వాన తగ్గకముందే దిగి పోయింది.

వారం తిరక్కుండా అంకమ్మరావు గుంటూరు వెళ్ళి డాక్టరుకి చూపించుకొచ్చాడు. ఆపరేషన్ డబ్బుకి పోలమ్మ చీటీ ఎత్తింది. డాక్టరు ఆపరేషన్‌కి ముందు ఫోటోలు అడిగింది. మామూలుగా ఒకటి, కనుబొమలు ఎత్తి ఒకటి, కళ్ళు మూసి ఒకటి, నవ్వుతూ ఒకటి. దిద్దకుండా. 'ఆ రెండు మచ్చల అమ్మాయితోనే తీయించు' అని కబురు కూడా పెట్టింది. కోటిబాబు ఆ రోజు వెల్దుర్తిలో పెళ్ళికి పోవడంతో, మొదటిసారి కెమెరా వెనక మహేశ్వరి నిలబడాల్సి వచ్చింది.

"కనుబొమలు ఎత్తండి... కళ్ళు మూయండి... ఆఁ, ఇప్పుడు నవ్వండి."

"రాదు."

"అందరికీ వచ్చుద్ది."

"రెండున్నరేళ్ళయిందండీ. అద్దంలో చూసుకున్న రోజు మానేశా."

మహేశ్వరి కెమెరా మీంచి తల పక్కకి పెట్టింది. "నడికుడి ముసలమ్మ మీ చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేసింది?"

"మూడు."

"కొబ్బరికాయ కొట్టలేదా?"

ఒక పక్క పెదవి మూల వణికి, ఆపుకోలేక పైకి లేచింది. కుడి కన్ను చిన్నదయింది, కుడి చెంప మీది మచ్చ ఇంకాస్త పైకి జరిగింది. ఎడమ పక్క ఎక్కడిదక్కడే ఉంది. సగం నవ్వు. మహేశ్వరి ఇప్పటిదాకా దిద్దిన మొహాలు వేలల్లో ఉంటాయి. దేన్ని చూసినా ముందు ఎక్కడ మార్చాలా అనే చూసేది. ఈ సారి అది గుర్తే రాలేదు.

"ఏమండీ, నొక్కారా?" అన్నాడు అతను, పెదవి అలాగే పట్టుకుని. "బుగ్గ నొప్పెడతంది."

మహేశ్వరి నొక్కలేదు. "ఇంకోసారి నవ్వండి, కదిలింది," అని అబద్ధమాడింది.

గుంటూరు రైలెక్కిన రోజు తల్లీకొడుకులతో పాటు మహేశ్వరి కూడా ఉంది. ఆల్బమ్‌ల పని ఉందని నాన్నకి చెప్పింది. పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయి నెలయిందని కోటిబాబుకి తెలియదా? తెలుసు. సరే అన్నాడు. రైలు నడికుడిలో ఆగినప్పుడు అంకమ్మరావు తువ్వాలు కళ్ళదాకా లాక్కుని, కిటికీకి వీపు పెట్టాడు. రైలు కదిలాక గానీ తిరగలేదు.

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. పోలమ్మ బయట కుర్చీలో మహేశ్వరి చేయి పట్టుకునే కూర్చుంది.

"భయమేస్తంది అత్తా," అంది మహేశ్వరి.

పోలమ్మ తల తిప్పి చూసింది. "పిన్ని యాడికి పోయిందే?"

మహేశ్వరి గోడ మీది గడియారం వంక చూసింది, అంతకన్నా ముఖ్యమైన పని లేనట్టు.

కట్టు విప్పకముందే ఆమె మాచర్ల వచ్చేయాల్సి వచ్చింది. అక్కడి నించే మొదలయింది అసలు నరకం. పోలమ్మ ఫోన్ చేసి, "మొహం గుమ్మడికాయంత వాచింది పిల్లా, కన్ను చుట్టూ వంకాయ రంగు తిరిగింది," అంది. డాక్టరు అది మామూలేనని చెప్పిందట. మహేశ్వరి వీడియో కాల్ చేస్తే అంకమ్మరావు కట్ చేశాడు. రెండోసారీ కట్ చేశాడు. మూడోసారి 'వద్దు, తర్వాత' అని మెసేజ్ పెట్టాడు. గుంటూరులో చుట్టాలింట్లో ఉండి చూపించుకుంటున్నారని తెలిసింది తప్ప, ఇంకే కబురూ లేదు. ఒక వారం, రెండు వారాలు, నెల.

వికటించిందా? వికటిస్తే పాపమంతా తనదే. వద్దన్నవాణ్ణి వానలో లారీ ఎక్కి మరీ ఒప్పించింది. లేకపోతే బాగయిందా? బాగయితే తనతో పనేముంది? ఆ రెండో ఆలోచన ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అదెందుకో తెలియనంత అమాయకురాలేం కాదు మహేశ్వరి. డ్రాయర్‌లో రెండు మచ్చలవాడి ఫోటో తీసి చూసేది. వీడు కాదు, అనుకుని మళ్ళీ లోపల పడేసేది.

నలభై ఒకటో రోజు పోలమ్మ స్టూడియో మెట్లెక్కింది. కొత్త చీర, కొప్పులో కనకాంబరాలు.

"అన్నయ్యా, అబ్బాయికి మళ్ళీ పెళ్ళి ఫోటో తీయాలి. నడికుడోళ్ళు కబురు పెట్టారు. ఎవురో రైల్లో చూసి చెప్పారంట, మళ్ళీ వస్తామంటన్నారు."

కోటిబాబు కెమెరా సర్దుకుంటూ కూతురి వైపు ఓరగా చూశాడు. మహేశ్వరి వేలు కీబోర్డు మీద ఆగిపోయి, తెర మీద 'క' అక్షరం లైను నిండా పడుతోంది.

అప్పుడు మోగింది హారన్. బస్టాండు సందంతా అదిరిపోయేలా, మూడుసార్లు. నాపరాళ్ళ లోడుతో లారీ వచ్చి స్టూడియో ముందు ఆగింది. వెనక ఆటోలవాళ్ళు బూతులు మొదలుపెట్టారు. డ్రైవర్ తలుపు తెరుచుకుని అంకమ్మరావు దూకాడు.

తువ్వాలు లేదు.

ఎడమ కనుబొమ దాని చోట ఉంది. వెంట్రుకల అంచున సన్నటి గులాబీ గీత, వెతికితే తప్ప కనపడదు. కన్ను నిండుగా తెరుచుకుని ఉంది. చెంప నిలబడింది. కుడి పక్కతో పోలిస్తే ఓ నూలుపోగు తేడా ఉంది. దాదాపు, అంది గదా డాక్టరు. అదంతా మహేశ్వరి తర్వాత గమనించింది. ముందు గమనించింది అతని మెడని. ఇదివరకు రోడ్డు కనపడటానికి తల వెనక్కి వాల్చి నడిచేవాడు. ఇప్పుడు తిన్నగా నడిచి వస్తున్నాడు.

"ఫిట్‌నెస్ కాయితం!" అని జేబులోంచి తీసి ఊపాడు. "సంతకం పడింది. నిన్న సాగర్ దాకా పోయొచ్చా. మొన్న రైల్లో నడికుడిలో దిగి, ప్లాట్‌ఫారం ఈ చివర నించి ఆ చివరిదాకా నడిచి, టీ తాగి ఎక్కా."

"అందుకే కబురొచ్చింది," అంది మహేశ్వరి. "ఫోన్ ఎత్తటానికి మాత్రం తీరలేదు."

"వాచిన మొహంతో మాట్లాడనని ఒట్టేసుకున్నా. అద్దంలో రోజూ చూసుకుంటన్నా, నాకు నేను అలవాటు పడాలి గదా ముందు." కోటిబాబు వైపు తిరిగాడు. "తీయండి. ఒకటి చాలు. దిద్దొద్దు."

కోటిబాబు తీశాడు. నవ్వమన్నాడు. సగం నవ్వు వచ్చింది.

ఫోటో తెర మీదికి వచ్చింది. మహేశ్వరి మౌస్ పట్టుకుంది. ఈ ఫోటో రేపు నడికుడి పోతుంది. పదకొండు మంది చూస్తారు. ఆ పిల్ల కూడా చూస్తుంది, ఎందుకు చూడదు? బాణం గుర్తు మెల్లగా ఎడమ చెంప మీదికి జరిగింది. ఒక్క మచ్చ. నువ్వుగింజంత. రెండో మచ్చ పెట్టేస్తే ముసలమ్మ మళ్ళీ మూడు ప్రదక్షిణాలు చేసి వెళ్ళిపోతుంది. పెట్టేద్దునా?

ఛీ, అనుకుంది. రెండున్నరేళ్ళ తర్వాత తువ్వాలు తీసిన మొహం అది. దాని మీద చేయి వేయలేకపోయింది. ఉన్నదున్నట్టు ప్రింట్ తీసి, కవర్లో పెట్టి, కౌంటరు మీదికి తోసింది. కళ్ళు ఎత్తలేదు.

"ఇదిగోండి. మీ ఒరిజినల్."

అంకమ్మరావు కవర్ తీసుకున్నాడు. వెళ్ళలేదు. చొక్కా సర్దుకుని, పిల్ల ఇంటికి సంబంధం తెచ్చిన పెద్దమనిషి తరహాలో, కవరుని రెండు చేతులతో కోటిబాబుకి అందించాడు.

"మావయ్యా, ఈ ఫోటో మీ అమ్మాయికి చూపించండి. ఎడిటింగ్ లేదు. నచ్చితే కబురు పెట్టండి."

మహేశ్వరి చేతిలో మౌస్ కింద పడింది.

"మరి నడికుడోళ్ళు?" అంది, గొంతు కీచుమంది.

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాళ్ళకి వీడే ఫోన్ చేసి చెప్పాడు పిల్లా. 'పెద్దాయనా, మీరు చూసింది మా అన్నని. ఆయన్నే అడగండి' అన్నాడు. కొన్నాళ్ళ నించీ ఈ ఫోటో సంగతే రిహార్సల్ చేస్తన్నాడు. నన్ను కూడా నోరిప్పనీలా."

కోటిబాబు కవర్లోంచి ఫోటో తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళ అనుభవమంతా ఉపయోగించి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎడిటింగ్ లేదంటన్నావు. నవ్వు ఒక పక్కకే ఉందే అబ్బాయా?"

"అది ఆపరేషన్‌కి అందదంట మావయ్యా. ఉన్నది అంతే. దాంతోనే బతకాల మీ అమ్మాయి."

కోటిబాబు కూతురి వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు, మీసం కింద నవ్వు. "ఏమే, నీకు నచ్చిందా ఫోటో?"

"ఫోటో చూసి ఒప్పుకునేదాన్నా నాన్నా నేను?" మహేశ్వరి కుర్చీలోంచి లేచింది. "ఫోటోల సంగతి నాకు తెలియంది కాదు. మనిషిని చూడాలి."

కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది. నడికుడి ముసలమ్మకి ఏమీ తీసిపోకుండా నడుం మీద చేతులు పెట్టుకుని, అంకమ్మరావు చుట్టూ మెల్లగా తిరిగింది. ఒక చుట్టు. రెండో చుట్టు. బయట ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అంకమ్మరావు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మూడో చుట్టుకి ఎదురుగా ఆగి, వేలు ఎత్తి, కుడి చెంప మీది మచ్చని తాకింది. తర్వాత ఎడమ చెంప దగ్గరికి వంగి, ఎక్కడా ఇంకోటి లేదని నిదానంగా చూసుకుంది.

"ఒకటే ఉంది," అంది. "మనవాడే. ఖాయం చేసుకో నాన్నా."

అంకమ్మరావు నవ్వాడు. వచ్చిందంతా కుడి పక్కకే వచ్చింది. కోటిబాబు అప్పటికే కెమెరా ఎత్తాడు. ఆ ఫోటో ఇప్పుడు కోటిబాబు డిజిటల్స్ అద్దాల బీరువాలో, వీధిలోకి కనపడేలా పెద్దసైజులో ఉంది. దాన్ని దిద్దిన చేయి లేదు.